బావమరిది తాడు

నీళ్ల మీద బతికే మనిషికి ఈత రాదంటే ఎవరైనా నవ్వుతారు. అయినా ఆయన ఉద్యోగం ఈదడం కాదు, తాడు పట్టుకోవడం. వంతెన స్తంభం పక్కన పడవలో కూర్చుంటాడు. తాడు రెండో కొసన, నీళ్ల అడుగున, బావమరిది కాంక్రీటుకి చిన్న పరికరం ఆనిస్తాడు. అది శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి గుల్ల ఎక్కడుందో చెబుతుంది. సుత్తి దెబ్బ వేయకూడదు, తొలచకూడదు. జబ్బు వెతకబోయి కొత్త గాయం చేస్తే ఇక ఆ చూడటం దేనికి?

పైన బరువైన బండి వెళ్తే లెక్క తప్పుతుంది. అందుకే బస్సు కనబడగానే ఆయన మైకులో హెచ్చరిస్తాడు. ఆ బస్సుల్లో ఒకటి నడిపేది ఆయన భార్యే. అప్పుడు మాత్రం, “మీ అక్క వస్తోంది, బుద్ధిగా ఉండు” అంటాడు. కింద నుంచి నవ్వు వినబడుతుంది.

ఆ రోజు తాడు స్తంభం చుట్టూ చాలాసేపు జరుగుతూనే ఉంది.

“బావా,” అన్నాడు చివరికి బావమరిది. “ఇక్కడ లోపలంతా గుల్ల. ఎంత దూరం జరిగినా అంతు దొరకట్లేదు. బళ్లు ఆపించు. అక్క ఎక్కడుంది?”

ఆయన తలెత్తాడు. బస్సు అప్పటికే వంతెన ఎక్కేసింది. వంతెన కాపలాదారుకి ఫోన్ చేసి, రెండు వైపులా బళ్లు ఆపేసి ఎవర్నీ రానివ్వొద్దని అరిచాడు. మరి ఎక్కేసిన బండినేం చేస్తాడు? భార్యకు చేస్తే ఎత్తదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టనని ఆమె చేత ఒట్టు వేయించుకున్న మహానుభావుడు ఈయనే.

“నువ్వు ముందు పైకి రా!”

“అక్క సంగతి చెప్పు బావా.”

“వస్తోంది” అన్నాడు. బుద్ధిగా ఉండమనలేదు.

బస్సు తల మీదుగా వెళ్తుంటే తాడు గుప్పిట్లో బిగించి కళ్లు మూసుకున్నాడు. చప్పుడు మెల్లగా దూరమైంది. కాసేపటికి ఫోన్ మోగింది.

“వంతెన దిగగానే ఆపేశారు, ఏమైంది?” అంది భార్య.

“స్తంభం లోపల గుల్లయింది.”

“వాడెక్కడ?”

“ఇంకా దాని దగ్గరే.”

“మరి నాతో మాట్లాడతావేం? వాణ్ని లాగు!”

లాగాడు. బావమరిది తేలి, ముసుగు తీసి, పడవ అంచు పట్టుకుని రొప్పాడు. మోచేతుల దాకా చర్మం దోక్కుపోయింది.

“రమ్మంటే రావేంరా?” అని కసిరాడు ఆయన.

“అక్క దాటేదాకా స్తంభాన్ని రెండు చేతులతో వాటేసుకున్నా బావా,” అన్నాడు వాడు సిగ్గుపడుతూ. “నేనేదో వంతెన మోసేవాణ్నయినట్టు.”

ఇంకో రోజైతే ఆ మాట పట్టుకుని ఏడాది పాటు ఏడిపించేవాడు. ఇప్పుడు వాణ్ని పడవలోకి లాక్కుని తనే ఏడ్చేశాడు.