బాజీకి నేను చెప్పిన పాఠం

ఒక బరువు మోస్తున్నాను. ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకోవడం కూడా మానేశాను. బరువు మోసేవాడు కాస్తయినా వంగి నడవాలి కదా? నేను నిటారుగానే నడుస్తున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని కోర్టుకి వెళ్లొస్తున్నాను, ఎవరి కేసు ఏమవుతుందో టీ కొట్టు దగ్గర నలుగురికీ విడమరిచి చెబుతున్నాను. నా మొహం చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. మీకు మాత్రం చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను గానీ ధైర్యం వచ్చి కాదు.

నేను నరసరావుపేటలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. కాగితాలు మోయడం, వాయిదాలు గుర్తుచేయడం పైకి కనిపించే పని. నా అసలు పని సాక్షులకి పాఠం చెప్పడం. ఎదుటి వకీలు ఏమడుగుతాడో ముందే ఊహించి, ఎందుకు, ఎప్పుడు, ఎక్కడ నిలబడ్డావు, అన్నిటికీ జవాబులు నూరిపోస్తాను. కళ్లారా చూసినవాడు బోనులో తడబడతాడు. చూడనివాడు నా దగ్గర ఒక పూట కూర్చుంటే తడబడడు. ఈ విద్య నాకు బాగా వచ్చు. దీని మీద గర్వం కూడా ఉండేది. ఉండేదేమిటి, ఇప్పటికీ ఎక్కడో ఉన్నట్టుంది, లేకపోతే ఈ మాట ఇంత వివరంగా ఎందుకు రాస్తాను?

మా ఊరు పేటకి దగ్గరే. పేరు చెప్పను. ఆ ఏడు కోటప్పకొండ తిరునాళ్లకి మా ఊరి ప్రభ కట్టించే పని మా అన్న నెత్తికెత్తుకున్నాడు. సరుగుడు కర్రలతో మేడంత ఎత్తు కట్టి, నిండా కరెంటు దీపాలు పెట్టి, కొండ దాకా ఊరేగిస్తారు. పక్క ఊరి ప్రభ కన్నా మాది మూరెడు పొట్టిదైతే మావాళ్లు ఏడాదంతా తల ఎత్తుకోలేరు. దీపాలు కట్టడానికి పిడుగురాళ్ల వైపు నుంచి ఒకాయన వచ్చాడు. జనరేటరు చూసుకోవడానికి మా వీధి చివర ఉండే మీరాబీ కొడుకు బాజీని పెట్టారు. తండ్రి లేని పిల్లవాడు. మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. పదహారు నిండి కొన్ని నెలలు, అంతే. నన్ను మామా అని పిలిచేవాడు.

ఆ పొద్దున వైరేదో తప్పు కలిపాడని ఆ లైట్లాయన బాజీని చెంప మీద కొట్టాడు. అక్కడున్న వాళ్లందరూ చూశారు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచారు. అప్పుడు అన్నకీ ఆయనకీ మాటామాటా పెరిగింది. లైట్లు విప్పుకుపోయి పక్క ఊరి ప్రభకి కట్టుకుంటానన్నాడట ఆయన. అన్న కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. చేతికందిన సరుగుడు కర్రతో తల మీద ఒక్కటి వేశాడు. ఆయన మళ్లీ లేవలేదు. ఆయనకి భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ ఉన్నారని నాకు తరవాత తెలిసింది. కొట్టడం చూసింది జనరేటరు దగ్గరున్న బాజీ ఒక్కడే.

అన్న నాకు ఫోన్ చేశాడు. పరిగెత్తుకుంటూ వెళ్లాను. అన్న కర్ర ఇంకా చేతిలోంచి వదల్లేదు. నేను అన్న వైపు చూశాను, పడి ఉన్న మనిషి వైపు చూశాను, తరవాత బాజీ వైపు చూశాను. ఇప్పుడు చెప్పేదే ఇన్నాళ్లూ నా గొంతు దాటనిది. నేరం బాజీ మీద వేయాలనే ఆలోచన మా అన్నది కాదు. నాది.

మైనరు కేసులు నేను చూడనివి కావు. నా చిన్నప్పుడు గుమాస్తాగిరీ నేర్పినాయన అనేవాడు, పిల్లల కేసు ఎంత పెద్దదైనా జైలుండదు, కొన్నాళ్లు పిల్లల హోములో ఉంచడంతో సరి అని. చట్టం మారిందనీ, పదహారు దాటినవాడు పెద్ద నేరం చేస్తే పెద్దవాడిలాగే విచారించే వీలు వచ్చిందనీ బార్ వరండాలో ఎవరో మాట్లాడుకుంటుంటే విన్నాను. సరిగా వినలేదు. మా ప్లీడరు గారిని ఒక్క మాట అడిగితే చెప్పేవారు. అడగలేదు. ఎందుకు అడుగుతున్నావంటే ఏం చెప్పను? అన్నని కాపాడుకోవాలన్న తొందరలో నాకు తెలియనిది కూడా తెలిసినట్టే అనుకున్నాను.

బాజీని మా ట్రాక్టరు షెడ్డులోకి తీసుకెళ్లాను. మీ అమ్మని మేం చూసుకుంటాం అన్నాను. తిరిగొచ్చాక సొంత షెడ్డు పెట్టిస్తాం అన్నాను. వాళ్లుంటున్న రేకుల ఇల్లు మా అన్న స్థలంలోదే. ఆ సంగతి నేను ఎత్తలేదు. ఎత్తాల్సిన పనిలేదు, వాడికి తెలుసు. తల ఊపాడు. పాఠం మొదలుపెట్టాను.

“ఎందుకు కొట్టావురా?”

“నేను కొట్టలేదు గదా మామా.”

“ఒరేయ్, ఆ మాటే అనొద్దంటున్నా. ఎందుకు కొట్టావు?”

“పొద్దున నన్ను చెంప మీద కొట్టాడు గదా. అందుకని.”

“పొద్దున కొడితే మజ్జానం దాకా ఏం చేశావు? అది అడుగుతారు.”

“జనరేటర్లో డీజిల్ పోశా.”

“అది గాదురా. ఎవరూ లేనప్పుడు చూసి కొడదామని ఆగానని చెప్పు. అట్టా చెబితేనే ఎవరూ చూళ్లేదంటే నమ్ముతారు.”

“అట్టా చెబితే చానా చెడ్డోణ్ణి అనుకుంటారేమో మామా.”

“ఏంగాదు. నువ్వు మైనరువి. నాలుగు నెలలు కళ్లు మూసుకుంటే ఇంటికొస్తావు.”

“అమ్మకి నిజం చెప్పనా?”

“అమ్మకి గూడా ఇదే చెప్పు.”

మళ్లీ మొదటి నుంచి చెప్పించాను. తడబడిన చోట ఆపి, సరిచేసి, మళ్లీ చెప్పించాను. చివరికి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. శభాష్ అన్నాను. అవును, అన్నాను. వాడి మొహంలో కాస్త సంతోషం కనిపించింది కూడా. పోలీసులు వచ్చాక వాళ్లకీ అదే చెప్పాడు.

మైనర్ల కేసులు చూసే బోర్డు ముందుకి వాడిని తీసుకొచ్చిన రోజు మీరాబీకి తోడుగా నేనే వెళ్లాను. అది నాకు తెలిసిన కోర్టులా లేదు. బోను లేదు, నల్ల కోట్ల హడావిడి లేదు. బల్ల చుట్టూ కూర్చుని బాబూ అని పిలిచారు. మంచినీళ్లు ఇచ్చారు. వాడు తెలిసే చేశాడా, చేస్తే ఏమవుతుందో అర్థం చేసుకునే బుద్ధి ఉందా అని తేల్చడానికి ఒక మానసిక నిపుణురాలు వచ్చింది. నెమ్మదిగా అడిగిందట. భయపడకు, గుర్తులేకపోతే లేదని చెప్పు అందట. గుర్తులేదని చెప్పడం నేను నేర్పలేదు. నేర్పినదంతా ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు.

ఆర్డరు కాపీ నేనే చదివి మీరాబీకి తెలుగులో చెప్పాను. బోర్డు రాసింది ఇది: జరిగినదంతా తికమక లేకుండా, వరసగా చెప్పాడు. పగ మనసులో పెట్టుకుని, ఎవరూ లేని సమయం కోసం ఆగాడు. చేసే పని ఎటు దారితీస్తుందో వాడికి తెలుసు. కాబట్టి పెద్దవాడిగా విచారించడానికి పిల్లల కోర్టుకి పంపుతున్నాం. అందులో ఉన్నదంతా నా తెలివి, నా అమరిక. వాడిని వాడి మానాన వదిలేసి ఉంటే జనరేటరు గురించీ డీజిలు గురించీ చెప్పి ఏడ్చేవాడు. ఆ గదిలో వాళ్లకి పసివాడు కనిపించేవాడు. వాడు పసివాడని వాళ్లకి కనపడకుండా చేసింది నేను. తప్పు బోర్డుదని అనుకుందామని చానాళ్లు ప్రయత్నించాను. కుదరలేదు.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పితే అన్న జైలుకి, నేను అన్న వెనకే. వరండాలో బాజీ నా వైపు చూశాడు. మామా, ఇప్పుడేం చెయ్యాలి అన్నట్టు చూశాడు. నేను కంటితోనే ఆగమన్నాను. ఆగాడు. విచారణంతా ఆగాడు. శిక్ష పడ్డ రోజు కూడా మాట మార్చలేదు. ఇరవై ఒకటి నిండేదాకా పిల్లలుండే చోటనే ఉంచారు. ఆ తరవాత పెద్దల జైలుకి మార్చారు. అక్కడే ఉన్నాడు.

మీరాబీ తన కొడుకే చంపాడని నమ్ముతోంది. దాన్ని మించిన పాపం నేనేదీ చేయలేదు. చచ్చిపోయినాయన భార్య కాళ్ల మీద పడడానికి ఒకసారి పిడుగురాళ్ల వెళ్లొచ్చింది, పాపం. వాళ్లు తలుపు తీయలేదట. నేను లాయరుని పెట్టించాననీ, వాయిదాలకి తోడొచ్చాననీ నా మీద ఆమెకి కృతజ్ఞత. ప్రతి రంజాన్‌కీ సేమియా గిన్నె మా ఇంటికి వస్తుంది. “నువ్వు లేకపోతే నా బిడ్డకి దిక్కెవరు, అన్నా” అంటుంది. నేను తింటాను. గొంతు దిగదు అని రాస్తే బాగుండేది. కానీ దిగుతుంది. నా మీద నాకు అసహ్యం వేసేది అక్కడే.

అన్న పోయాడు. జబ్బు చేసి, ఇంట్లో మంచం మీద, అందరూ చుట్టూ ఉండగా పోయాడు. ఇక నన్ను ఆపుతున్నదెవరు? అన్న కోసమే దాచానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అన్న పోయాక కూడా దాచాను. అంటే మొదటి నుంచీ ఎవరి కోసం దాచినట్టు?

మొన్న జైలుకి ములాఖత్‌కి వెళ్లాను. బాజీకి మీసం వచ్చింది. వాళ్లమ్మ ఎట్లా ఉందని అడిగాడు. తరవాత గొంతు తగ్గించి, నిజంగా నేనే కొట్టానేమో అనిపిస్తోంది మామా అన్నాడు. అన్నిసార్లు చెప్పి చెప్పి, కర్ర ఎత్తినట్టూ, అది తగిలినట్టూ చేతులకి గుర్తొస్తోందట. లేదురా, నువ్వు కొట్టలేదు అనాలి. పక్కన గార్డు ఉన్నాడు. టైమైపోయిందన్నాడు. నేను లేచాను.

ఇదంతా రాసినందువల్ల వాడికి ఒరిగేదేమీ లేదని తెలుసు. మీరాబీ తలుపు తట్టేంత మనిషిని నేను ఈ రాత్రికి కాలేదు, రేపు అవుతానని మాట ఇవ్వను. నా మాటల విలువ నాకు తెలుసు. క్షమించమని అడగడం లేదు. రాస్తుంటే మాత్రం చాలాచోట్ల ఆగిపోయాను, రాసిన వాక్యాలు కొట్టేశాను, ముందు చెప్పాల్సింది వెనక చెప్పాను. ఇన్నేళ్ల తరవాత ఊపిరి కాస్త ఆడుతోంది. ఒక్కటి మాత్రం తిన్నగా చెప్పి ఆపుతాను. చెంపదెబ్బ తిన్న ఆ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బాజీ ఏం చేశాడని ఎవరైనా అడిగితే, జనరేటర్లో డీజిల్ పోశాడు. అంతే చేశాడు.