నోటి దాకా పోని చెయ్యి

బళ్ళారి బజారులో పెనం మీద ఓళిగ, అదే బొబ్బట్టు, కాలుతుంటే వచ్చే నెయ్యి వాసనకు ఇప్పటికీ నా అడుగు ఆగిపోతుంది. ఆ వాసన వెంటే ఉగాది నాటి ఎండ, ఆ ఎండకు మూసిన తలుపుల వెనక ఉక్కపోత, కాళ్ళ కింద నాపరాళ్ళ చల్లదనం, తరిగిన మామిడికాయ పులుపు, ఇత్తడి నేతిగిన్నె పట్టుకుని తిరిగే మా అవ్వ, అన్నీ తిరిగొస్తాయి.

ఊరి పక్కన ఆదిమానవుల ఆనవాళ్ళున్న సంగనకల్లు గుట్ట చూడడానికి వచ్చిన ఒక బౌద్ధ భిక్షువును, నా చిన్నప్పుడు ఒక ఉగాదినాడు తాత భోజనానికి పిలిచాడు. మధ్యాహ్నం పన్నెండు దాటితే ముద్ద ముట్టననీ, ఆకలికి చాలినంతే తింటాననీ, తన భిక్షాపాత్రలో పడినదాన్ని పారేయననీ ఆయన ముందే చెప్పాడు. మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. మా వైపు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టడం అతిథి మర్యాద. ఆ వేళ్ళ సందుల్లోంచే నెయ్యి పోయడం ఇంటివాళ్ళ మర్యాద.

ఆయన పాత్ర మీద చెయ్యి పెట్టాడు. అవ్వ ఆయన వేళ్ళ మీదే నెయ్యి పోసింది.

“సాకమ్మా, సాకు,” చాలని అన్నాడాయన కన్నడంలో.

“సాకంటే ఎట్లప్పా? ఎండిన సొరకాయ మాదిరి ఉండావు. ఇంగొగటి తిను!”

“తినకుండా లేస్తే మా పరువు యాడ పెట్టుకోవాల సామీ?” అన్నాడు తాత, గడపలో అడ్డంగా నిలబడి.

గోడగడియారం పన్నెండు కొట్టింది. పాత్రలో ఇంకా రెండు ఓళిగలు. తిన్నా, పారేసినా ఆయన నియమం పోతుంది. వదిలేస్తే మా పరువు పోతుంది. ప్రేమ పేరుతో మనిషి చుట్టూ ఇంత గట్టి దడి కడతామా?

ఆయన పాత్రను అవ్వ వైపు జరిపాడు. “నువ్వు తిన్నావామ్మా?”

“నేనా?” అవ్వ నవ్వింది. “మగోళ్ళది కానీ. మిగిలింది తింటా.”

“కూర్చో. ఇది నీదే.”

అవ్వ కూర్చుంది. మగవాళ్ళు తినకముందు ఆమె తిండి ముందు కూర్చోగా చూడడం నాకదే మొదలు. ఒక ముక్క తుంచింది.

“ఏందిమే, ఈడ కూసుంటివి?” అన్నాడు తాత.

అవ్వ చెయ్యి నోటి దాకా పోలేదు. పాత్ర తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తక్కువ తినడం ఆ భిక్షువు ఎంచుకున్నది. అవ్వకు తక్కువే మిగిలేది. ఈ రెంటినీ మితమనే ఒక్క పేరుతో పిలిచి, ఆడదాని ఆకలిని పుణ్యంగా చూపే ఏ ధర్మాన్నీ నేను ఒప్పుకోను.

ఇప్పుడా ఇంటి చోట జీన్సుగుడ్డలు ఉతికే షెడ్డు ఉంది. పెళ్ళిళ్ళలో బఫేలొచ్చి కొసరి వడ్డించే చేతులు పోయాయి. పోనీ, వాటి కోసం నాకు బెంగ లేదు. అవ్వను “తిన్నావా” అని అడిగిన గొంతు మాత్రం మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు. అవ్వ పోయే దాకా వినబడలేదు.