అరంగుళమ్మ కత్తెర చప్పుడు

ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది. ఆ బిల్లు తెచ్చే మనిషికి తప్ప వీధిలో మరెవరికీ ఆ పేరుతో పని పడలేదు. అందరికీ ఆమె అరంగుళమ్మ. "అరంగుళమే కదా, సర్దేయండి" అని ఆమె దుకాణంలో నోరు జారిన వాడెవడైనా ఆ రోజంతా గుర్తుపెట్టుకునే జవాబు విని గాని బయటపడేవాడు కాదు. "అరంగుళమే కదా అని నీ ముక్కు కోస్తే ఊరుకుంటావా నాయనా?" అనేది ఆమె.

దుకాణం ఒక్కటే గది. రెండు కుట్టు మిషన్లు, మధ్యలో పొడవాటి చెక్క బల్ల, బల్ల చివర ఇనుప ఇస్త్రీ పెట్టె, మూల పగిలిన నిలువుటద్దం, పాత మంచంలా కిర్రుమనే ఫ్యాను. ఒక మిషను ఆమెది. రెండోది ఆమె ఆడపడుచుది. కాజాలు కుట్టడంలో ఆడపడుచుకు సాటి లేరు, మాట పడకపోవడంలోనూ లేరు. వదినామరదళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే పోట్లాటతో దుకాణం తెరిచి, సాయంత్రం ఒకే గొడుగు కింద ఇంటికి నడిచేవారు.

పని నేర్చుకునే రోజుల్లో అరంగుళమ్మ ఒక పేరుమోసిన దర్జీ దగ్గర కుదిరింది. ఆయన కొలతలు తీస్తూ అంకెలను గది అవతలి గుమాస్తాకు కేక వేసి చెప్పేవాడు. "నడుము నలభై నాలుగు! మళ్ళీ చెబుతున్నా, నలభై నాలుగు!" వరుసలో కూర్చున్నవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. ఒకసారి ఒక పంతులమ్మ ఆ కేక విని, తెచ్చిన గుడ్డను అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మరి రాలేదు. ఆ గుడ్డ మడత విప్పకుండా ఏడాదిపాటు అలమరలో పడి ఉంది. అలమర తెరిచినప్పుడల్లా అరంగుళమ్మ దాని దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టేది.

సొంత దుకాణం పెట్టిన రోజున ఆమె తనకు తానే ఒక నియమం విధించుకుంది. మనిషి మనసు నొచ్చుకునే కొలత ఏదీ ఈ గదిలో నోటితో పలకకూడదు. చేతి పొడవు, మెడ చుట్టు వంటివి పలకవచ్చు. మిగిలినవి కత్తెర చెప్పాలి. టేపు పట్టిన చేతుల్లోనే కత్తెరను కూడా ఇరికించుకొని, దాని మొనతో బల్లను టక్కుమనిపించేది. భుజం వాలు విషయంలో ఒక్కో చప్పుడు పావు అంగుళం. చెక్క మీద పడితే ఎడమ భుజం, ఇస్త్రీ పెట్టె మీద పడితే కుడి. నోరు మాత్రం ఎవరికైనా ఒకే మాట అనేది: "రెండు భుజాలూ సమానం తల్లీ." బల్ల ఇవతల ఆడపడుచు చప్పుళ్ళు లెక్కపెట్టి కాగితం మీద వేసుకునేది.

ఫోను వచ్చాక కాగితం పని తప్పింది. బల్ల మీద ఫోను పెట్టి రికార్డింగు నొక్కితే మాటా, చప్పుడూ రెండూ అందులోనే ఉండేవి. గుడ్డ కోసే రోజున తిప్పి వినడమే. మూడేళ్ళలో నూట అరవై మంది కొలతలు అలా ఆ చిన్న పెట్టెలోకి చేరాయి. ఒక్కటీ కాగితం మీద లేదు.

ఆ నూట అరవైలో ఒకరు బస్సు డ్రైవరమ్మాయి. చిన్నప్పుడు మెట్ల మీద నుంచి పడి ఎడమ భుజం కాస్త కిందికి జారి అతుక్కుంది. డ్రైవరుగా ఎంపికై, శిక్షణకు వెళ్ళే ముందు రోజు, బస్సుల సంస్థ యూనిఫారం కోటుకని ఇచ్చిన నీలం గుడ్డను చంకలో పెట్టుకొని దుకాణానికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, ముందే చెబుతున్నా. ముగ్గురు దర్జీలు కొలిచారు. ముగ్గురూ భుజం చూసి ఇంకో మనిషిని పిలిచి చూపించారు. ఒక్కసారి కొలవండి, అంతే. రెండోసారి టేపు పడనివ్వను. కోటు లేకుండానే బస్సు ఎక్కుతా, వాళ్ళు దింపేస్తే దిగుతా."

"ఒక్కసారే కొలుస్తా. మాట తప్పితే నా టేపు నీ చేతిలో పెట్టి మిషను అమ్మేస్తా," అంది అరంగుళమ్మ.

కొలిచింది. నోరు సమానమంది. కత్తెర చెప్పవలసింది చెప్పింది. మూడు వారాల తర్వాత సోమవారం పొద్దున వచ్చి కోటు తీసుకొని, నేరుగా మొదటి డ్యూటీకి వెళ్ళాలని మాట. సంస్థ ఇచ్చిన గుడ్డ సరిగ్గా ఒక్క కోటుకు సరిపడేంత. బెత్తెడు కూడా ఎక్కువ లేదు.

ఆ సోమవారానికి నాలుగు రోజుల ముందు ఫోను అప్‌డేట్ అయి తనకు తానే కొత్తదైంది.

కొత్తదనంలో మేలు లేకపోలేదు. అక్షరాలు పెద్దవయ్యాయి. మధ్యాహ్నానికే నీరసించే బ్యాటరీ సాయంత్రం దాకా నిలబడుతోంది. అరంగుళమ్మ ఆ మేలును ఎవరి దగ్గరా దాచలేదు. మేలు చేసినవాడు కీడు చేయలేడన్న వాదనను మాత్రం ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు.

శనివారం పొద్దున ఆమె లైనింగు గుడ్డ కోసం బజారుకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఆడపడుచు నీలం గుడ్డను కోసి, ముక్కలను బల్ల మీద పరిచింది. అరంగుళమ్మ సంచీ దించకుండానే సుద్ద గీతల వైపు చూసింది.

"ఏమే, ఎడమ భుజం తగ్గించలేదేం?"

"చప్పుడు లేదు వదినా. సమానం అన్నావు, సమానంగా కోశా."

"చప్పుడు ఉంది."

"నా చెవులకేం రోగం పుట్టలేదు. కావాలంటే నువ్వే విను."

విన్నారు. "రెండు భుజాలూ సమానం తల్లీ" అన్న అరంగుళమ్మ గొంతు తేటగా, అద్దంలో కనిపించినంత స్పష్టంగా వినిపించింది. దాని వెనుక ఏమీ లేదు. నాలుగుసార్లు తిప్పి విన్నారు. వేరేవాళ్ళ కొలతలు తీసి విన్నారు. వాటిలోనూ అంతే. నూట అరవై మందికీ ఆమె దయతో చెప్పిన అబద్ధం భద్రంగా మిగిలింది. నిజం ఒక్కటీ మిగల్లేదు.

ఆడపడుచు ముఖం పాలిపోయింది. "గుడ్డ పాడుచేశానా వదినా?"

"పాడవలేదులే. తక్కువ కోస్తే అతకలేం గాని, ఎక్కువ ఉంచావు కాబట్టి తగ్గించుకోవచ్చు. ఎంత తగ్గించాలన్నదే తెలియాలి."

"నీకు గుర్తులేదా?"

"ఎడమ అని గుర్తుంది. కళ్ళకు అంగుళంలా అనిపించింది. కళ్ళను నమ్మి కోసేవాళ్ళు కూరగాయలు కోసుకోవాలి, కోట్లు కాదు."

తప్పు కోత పడితే వేరే గుడ్డ లేదు. మళ్ళీ కొలుస్తానంటే ఇచ్చిన మాట నిలవదు. అరంగుళమ్మ బల్ల ముందు స్టూలు మీద కూలబడి, కోసిన ముక్కను పసిపిల్లను సర్దినట్టు సర్దింది.

అప్పుడు ఆడపడుచు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. గురువారం పోస్టాఫీసు క్లర్కుకు చొక్కా కొలత తీస్తుంటే ఫోను తెర నిండా ఏదో కాగితం పరుచుకుంది. కిందికి ఎంత జరిపినా తరగలేదు. అది తప్పుకుంటే గాని రికార్డింగు రాదు. క్లర్కు పాపం రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. "అంగీకరిస్తున్నాను" అని పెద్దగా ఉన్న చోట ఆమె వేలు పెట్టింది. "తర్వాత" అన్న మాట కూడా ఉండేదట, చీమ తలకాయంత అక్షరాల్లో.

చేతులెత్తి నిలబడ్డ మనిషి ఎదురుగా ఉండగా, అరవై తెరల పొడవున్న ఒప్పందాన్ని చదివి, అర్థం చేసుకొని, ఇష్టపూర్వకంగా ఒప్పుకోవడం ఎవరి తరం? అయినా ఆ ఒక్క వేలి ఒత్తిడికే కంపెనీవారు సమ్మతి అని పేరు పెట్టారు. దారికి అడ్డంగా నిలబడి, సంతకం పెడితేనే తప్పుకుంటానని బెదిరించేవాడి చేతిలోని కాగితాన్ని మరే చోటా ఒప్పందం అనరు. ఇక్కడ మాత్రం అంటారు. పైగా తప్పు వేలు పెట్టినవాళ్ళదే అంటారు. ఆడపడుచు కూడా తప్పు తనదేననుకొని కళ్ళు తుడుచుకుంది.

"ఏడిస్తే గుడ్డ మీద మరకలు పడతాయి. లే, స్క్రూ తమ్ముడి దగ్గరికి పోదాం," అంది అరంగుళమ్మ.

స్క్రూ తమ్ముడు ఫోన్లు బాగుచేసేవాడు. యాభై దాటినా వీధికంతా తమ్ముడే. అలమరకు తలుపు తీసినంత వెడల్పు దుకాణం అతనిది. ఆ రోజు అక్కడ ఇద్దరు ముందే ఉన్నారు. ఇద్దరిదీ అదే అప్‌డేట్ గొడవ.

"నా ఫోను పెనంలా కాలుతోందయ్యా. వంట చేసేది నేనా, అదా?" అన్నాడు క్యాంటీను వంటాయన.

"నాది లేడిపిల్లలా పరుగెడుతోంది. ఇన్నాళ్ళూ పిలిస్తే పలికేది కాదు," అంది రిటైరైన నర్సమ్మ.

"మరెందుకొచ్చావమ్మా?" అన్నాడు స్క్రూ తమ్ముడు.

"అలారం మోగడం మానేసింది. పొద్దున నిద్ర లేస్తే కదా దాని పరుగు చూడ్డానికి!"

అరంగుళమ్మ సంగతంతా చెప్పింది. ఎవరి కోటో చెప్పలేదు. స్క్రూ తమ్ముడు స్పీకరును బ్రష్షుతో దులిపాడు. ఫోనును మూడుసార్లు ఆర్పి మూడుసార్లు వెలిగించాడు. ఆ వృత్తిలో అది సగం వైద్యం. ఫలితం లేదు.

"అక్కా, పాతదానికి పోలేం. అప్‌డేట్ అంటే నది దాటడం లాంటిది. వెనక్కి పడవ ఉండదు."

"పడవ ఎక్కించే ముందు కదా తమ్ముడూ ఆ మాట చెప్పాలి?"

"నేనెక్కించానా అక్కా?" అని అతను నొచ్చుకొని, ఇయర్‌ఫోన్లు తెచ్చి ఇచ్చాడు. అరంగుళమ్మ ఒకటి, ఆడపడుచు ఒకటి చెవిలో పెట్టుకున్నారు. ఇద్దరి తలలూ దాదాపు తాకుతున్నాయి. డ్రైవరమ్మాయి కొలత మొదటి నుంచి వింటూ వింటూ ఆడపడుచు కనుబొమలు ముడిచింది.

"వదినా, మన ఫ్యాను ఏది?"

"ఫ్యాను గొడవ ఇప్పుడెందుకే?"

"విను ఒకసారి. మన ఫ్యాను కిర్రుమనకుండా తిరిగిందెప్పుడు? ఆ రోజు నేను మిషను మీద దుప్పటి అంచులు కుడుతున్నా. ఆ మోత ఏది? ఇది మన దుకాణంలా లేదు, ఏ బంగారు కొట్టులోనో మాట్లాడినట్టుంది."

స్క్రూ తమ్ముడి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. "ఏదీ, ఇలా ఇవ్వండి." ఫోను సెట్టింగుల్లో ఒక తలుపు వెనుక మరో తలుపు తెరుచుకుంటూ పోయి, అయిదో తలుపు వెనుక దొరికినదాన్ని పైకి చదివాడు: "స్పష్టమైన గొంతు. అవాంఛిత శబ్దాల తొలగింపు. ఇది దానంతట అదే ఆన్ అయి కూర్చుంది అక్కా. చప్పుళ్ళు పోలేదు. వినిపించేటప్పుడు జల్లెడ పట్టి వదులుతోంది."

"అవాంఛితం అంటే? ఎవరికి అక్కర్లేదట?"

"కంపెనీకి అక్కా."

"కోటు కంపెనీ వేసుకుంటుందా?"

వంటాయన పకపకా నవ్వాడు. అరంగుళమ్మ నవ్వలేదు. ఒక మనిషి గదిలోని ఏ శబ్దానికి విలువ ఉందో, ఏది చెత్తో, ఆ గదిలో ఒక్క పూటైనా నిలబడనివాళ్ళు ఆమెను ఒక్క మాటైనా అడగకుండా తీర్పు చెప్పేశారు. ఆ తీర్పుకు మెరుగుదల అని పేరు. అప్పీలు అయిదు తలుపుల వెనుక.

స్క్రూ తమ్ముడు దాన్ని ఆపి, ఇయర్‌ఫోన్లు లాగేసి, గొంతు పెంచాడు. కిర్రుమంటూ ఫ్యాను వచ్చింది. దడదడమంటూ మిషను వచ్చింది. వీధిలో ఏదో బండి హారన్, ఆడపడుచు తుమ్ము, ఎవరో స్టూలు జరిపిన చప్పుడు, మొత్తం దుకాణం తిరిగొచ్చింది. "రెండు భుజాలూ సమానం తల్లీ." ఆ వెంటనే చెక్క మీద, టక్, టక్, టక్. కాస్త ఆగి, టక్, టక్.

ఏం వింటున్నారో తెలియకపోయినా నర్సమ్మా, వంటాయనా ముందుకు వంగి చెవులొగ్గారు. ఆడపడుచు వేళ్ళు మడిచి చూపించింది. అయిదు. మళ్ళీ విన్నారు. అయిదే. మూడోసారి అరంగుళమ్మ కళ్ళు మూసుకొని విని, తల ఊపింది. అంగుళం పావు.

"నేను అంగుళమనుకున్నా. చూశావా?" అంది బయటికి నడుస్తూ. "పావు అంగుళం పాపం నెత్తిన పడేది."

ఆ సాయంత్రమే ఎడమ భుజం తగ్గించింది. అద్దంలో కోటు నిలువుగా పడడం కోసం ఆ భుజం కింద పలచని దూది పొర ఒక్కటి పెట్టి కుట్టింది. ఆదివారం ఆడపడుచు కాజాలు తీసింది. ఆ రోజు వాళ్ళు పోట్లాడుకోలేదు. వీధి కంగారుపడింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి డ్రైవరమ్మాయి వచ్చింది. కోటు తొడుక్కొని, గుండీలు పెట్టుకొని, అద్దం వైపు వెంటనే చూడలేదు. ముందు రెండు చేతులూ ఎత్తి, లేని స్టీరింగును పట్టుకొని, ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి తిప్పింది. కోటు ఎక్కడా లాగలేదు. అప్పుడు తలెత్తి అద్దంలో చూసింది. చాలాసేపు చూసింది.

"మళ్ళీ కొలవలేదు కదా అక్కా?"

"ఒక్కసారే అన్నాగా."

డ్రైవరమ్మాయి టోపీ పెట్టుకొని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, బల్ల మీద వేలి కణుపుతో తట్టింది. అయిదుసార్లు.

"అంతేనా?" అని అడిగింది.

అరంగుళమ్మ ఆ వేలి వైపు, ఆ బల్ల వైపు చూసింది.

"ఆ రోజే లెక్కపెట్టా అక్కా. వాళ్ళందరూ మనుషుల్ని పిలిచారు. మీరు బల్లను పిలిచారు. అందుకే మీకే ఇచ్చా గుడ్డ," అని, మెట్లు రెండేసి దిగి బస్సుల వైపు పరుగెత్తింది.

అడిగి ఉంటే చెప్పేదే! రెండు రోజులు పడ్డ యాతన ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగి ఆడపడుచు నోరు వెళ్ళబెట్టింది. తేరుకున్నాక నవ్వు ఆపుకోలేకపోయింది.

"వదినా, నూట అరవై మందికీ తెలుసేమో నీ రహస్యం!"

"తెలిస్తే తెలియనీ. నోటితో అనలేదు కదా," అంది అరంగుళమ్మ. ఫోను బల్ల మీద పెట్టి, అయిదో తలుపు వెనుక ఆ మీట ఆపేసే ఉందో లేదో ఇంకోసారి చూసుకొని, కత్తెర అందుకుంది. "నవ్వింది చాలుగాని, పోస్టాఫీసాయన చొక్కా తియ్యి. ఆయన గురువారం నుంచి చేతులెత్తుకునే ఉన్నాడేమో."