మహబూబ్బీ గది పైకప్పు

సౌదీ అరేబియాలోని హుఫూఫ్‌లో ఆ ఇంటి మేడమీద ఓ మూలగదిలో ఒకప్పుడు యజమాని కొడుకు చదువుకునేవాడు. అతడు రియాద్‌లో కాపురం పెట్టాక అది పనిమనిషి మహబూబ్బీ పాలైంది. దొరబిడ్డ గది కనుక ఫాల్స్ సీలింగు పలకల్లో ఆరు దీపాలు పొదిగి ఉన్నాయి. రాయచోటి నుంచి వచ్చిన మహబూబ్బీకి మాత్రం అవి దీపాలు కావు, ఆరు పొయ్యి నోళ్లు. పగలంతా కాంక్రీటు మింగిన ఎండ ఆ రంధ్రాల గుండా రాత్రంతా మంచంమీదికి దిగేది. పాత ఏసీ ఆ తాపం ముందు మూలుగుతూ ఓడిపోయేది. నిద్ర కరవై గత వేసవిలో ఆమె మెట్లమీదే సొమ్మసిల్లింది. ఇంకో వేసవి ఇలాగే గడిస్తే ప్రాణం నిలవదని ఆమెకు రూఢిగా తెలుసు.

ఆ ఉదయం మెట్‌పల్లికి చెందిన లింబాద్రి తన కంపెనీ తరఫున వచ్చి, మేడమీది పడకగదులన్నిటా పలకలపైన వేడినాపే గ్లాస్ ఊల్ పరిచాడు. మూడు ఊలు చుట్టలు మిగిలాయి. మహబూబ్బీ గది దాటి నిచ్చెన మోసుకుపోతుంటే ఆమె అడ్డం నిలిచింది.

“నా గది మర్చిపోయినావా నాయినా?”

“మరువలేదక్కా. మీ మేడమే వద్దన్నది. మిగిలింది బండిల ఎయ్యమన్నది.”

“ఊలు ఆమెదే. నిద్ర నాది. నిచ్చెన ఈడ పెట్టు.”

నిద్ర అనేది సృష్టికర్త సకల ప్రాణులకూ సమంగా పంచిన విశ్రాంతి. దానికి వేరే యజమాని ఉండడని ఆమె విశ్వాసం.

“నేనెక్కితే నా నౌకరి వోతది.”

“నిన్నెవరు ఎక్కమన్యారు? పట్టుకో సాలు. పడితే నీ మీదనే పడతా.”

“అట్లయితే ఇంకింత గట్టిగ పట్టుకుంట,” అని లింబాద్రి నవ్వేశాడు.

మహబూబ్బీ ముక్కూ నోరూ మూసేలా ఓణీ బిగించి నిచ్చెనెక్కింది. పలక ఎత్తి ఊలు లోపలికి దూర్చింది.

“లైట్ల మీద కప్పకక్కా, కాలుతయ్. సుట్టూ జానెడు ఇడువు.”

“ఆరుచోట్ల జానెడు ఇడిస్తే ఎండంతా ఆడినుంచే దిగుతాది. ఒగటి సాలు నాకు. ఐదు పీకేస్తా.”

“అగో! మేడం సూస్తే?”

“సూడనీ.”

లింబాద్రి గొణుక్కుంటూనే కరెంటు ఆపి వచ్చాడు. తీగలు ఎలా విడదీయాలో కిందినుంచే చెప్పాడు, మిగిలిపోయిన, రంధ్రాల్లేని సాదా పలకలు అందించాడు. ఒక్కొక్క దీపం ఊడి మంచంమీద చేరింది.

అంతలో యజమానురాలు పైకి వచ్చింది. మంచంమీది దీపాలు చూసి కనుబొమలు ముడిచింది.

“ఎవరిని అడిగి తీశావు?”

“ఎవర్నీ అడగలేదు మామా. అడిగితే వద్దంటారని తెలుసు,” అంది మహబూబ్బీ, అక్కడి పనివాళ్లు యజమానురాలిని పిలిచే పిలుపుతో, వచ్చీరాని అరబీలో.

“మళ్లీ పెట్టు. లేదా ఎగ్జిట్ వీసా వేయించి మీ దేశం పంపుతా.”

నిచ్చెన వణికింది. “గట్టిగా పట్టుకో నాయినా,” అని తెలుగులో మందలించి, మహబూబ్బీ ఆమెవైపు తిరిగింది.

“పంపండి మామా. ఆ కాగితం వచ్చేదాకా ఈ కప్పు కిందే నిద్రపోతా.”

యజమానురాలు మెట్లవైపు తిరిగింది. “కింద చుట్టాలొచ్చారు. గహ్వా కాఫీ ఎవరు కాస్తారు?” అంది.

“నేనే. ఈ మూల అయినాక.”

మహబూబ్బీ చివరి చుట్ట కోసం కిందికి చేయి చాచింది.