ముందు పదిహేను

అమీర్‌పేటలో లినక్స్ క్లాసు అయ్యాక సిటీ బస్సులో కూర్చుని నోట్సు తిరగేస్తున్నాను. హ్యాంగైన ప్రోగ్రామును మూయడానికి కిల్ కమాండుకు తొమ్మిది తగిలిస్తే చాలని మా సారు చెప్పారు. ఇంటర్వ్యూల కోసం అదే బట్టీ పడుతున్నాను.

పక్క సీటాయన మెడలో ఏదో కంపెనీ ట్యాగు ఉంది. అడగకుండానే నా పెన్ను తీసుకుని, నోట్సులో తొమ్మిది మీద గీత కొట్టి పదిహేను రాశాడు.

“ముందుగాల గిది కొట్టాలె తమ్మీ. పదిహేనంటే బంద్ జేసుకొమ్మని చెప్పుడు. సేవ్ చేసుకునే టైముంటది. తొమ్మిదంటే ఉన్నదున్నట్టు చంపుడే.”

“మా సారు తొమ్మిదే చెప్పారండీ.”

“మా మేనేజర్ సుత గదే చెప్పిండు.”

బస్సు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఇరుక్కుంది. ఆఫీసులో సిస్టమ్‌లు చూసుకునేది ఆయనేనట. ఆ పొద్దున మేనేజర్ ఆయనకు ఉద్యోగాలు పోతున్న వాళ్ల జాబితా ఇచ్చి, సేవ్ చేసుకునే సందు కూడా ఇవ్వకుండా వాళ్ల సిస్టమ్‌లన్నీ మూసేయమన్నాడట. వాళ్లకింకా ఆ సంగతి తెలియదట.

“తొమ్మిదే కొట్టిన. ఆఫీసుల నా పక్క సీటోడు ఏదో టైప్ చేస్తుండు. స్క్రీన్ పోంగనే నా దిక్కు తిరిగి, ‘అన్నా, సిస్టం హ్యాంగైంది, జర చూడవా’ అన్నడు.”

“మీరేమన్నారు?”

“చూస్తున్న, ఆగు అన్న. బయటికొచ్చి గీ బస్సెక్కిన.”

పెన్నుకు క్యాపు పెట్టి నా చేతికిచ్చి, సిగ్నల్లోనే దిగిపోయాడు.

కొన్నేళ్లకు నా చేతికీ అలాంటి జాబితా వచ్చింది. నేను పదిహేనే కొట్టాను. కాసేపటికి జాబితాలోని ఒకాయన ఫోను చేసి, సిస్టం దానంతటదే మూసుకుపోయింది, కాస్త చూడమన్నాడు.

“చూస్తున్నానండీ,” అన్నాను.