జ్వరం వస్తేనే బ్రెడ్డు

మా చిన్నప్పుడు... బ్రెడ్డు తినాలంటే జ్వరం రావాలి.

మామూలు రోజుల్లో అడిగితే అమ్మ ఒప్పుకునేది కాదు. "ఒంట్లో బాగానే ఉందిగా, అన్నం తిను" అనేది. నాట్ల నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, సత్తు గిన్నెలో అన్నం, పచ్చడి కలిపి నాకూ తమ్ముడికీ అరచేతుల్లో ముద్దలు పెట్టేది. అదే రాత్రి భోజనం.

జ్వరం వస్తే మాత్రం వైభోగమే... నాన్న సైకిలేసుకుని సెంటర్‌కి వెళ్ళి మైనం కాగితం చుట్టిన బ్రెడ్డు తెచ్చేవాడు. వేడి పాలల్లో ముంచి నోట్లో పెట్టేవాళ్ళు. పక్కింటి పిన్ని, ఎదురింటి మామ్మ ఒక్కొక్కరే వచ్చి మంచం మీద కూర్చుని నుదురు ముట్టుకుని చూసేవాళ్ళు. సాయంత్రానికి పాస్టరుగారు కూడా వచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళేవారు.

ఇదంతా చూసి తమ్ముడు ఓర్చుకోలేకపోయేవాడు. ఒకసారి ఎండలో కాగిన రేకు తలుపుకి నుదురు ఆనించి, పరిగెత్తుకుంటూ అమ్మ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, చూడు... కాలిపోతున్నా."

అమ్మ నుదురు చూసింది. తర్వాత చొక్కా ఎత్తి పొట్ట ముట్టుకుంది. "జొరం నెత్తికే వచ్చిందేంట్రా? పొట్ట దాకా దిగలేదా?" అంది. వాడికి ఆ రోజు కూడా పచ్చడన్నమే.

మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు పట్నంలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉద్యోగం, పటమటలో ఒక గది. నాతో ఉండే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను. అమ్మది రోజంతా నడుం వంచి చేసే పని, నాది రోజంతా కూర్చుని చేసే పని... తినే అన్నం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఆ మధ్య రక్తపరీక్ష చేయిస్తే షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. ఈ వయసులోనా అనుకున్నాను. "వచ్చే పరీక్షకల్లా దిగకపోతే మాత్రలు మొదలుపెడదామమ్మా" అన్నారు డాక్టరుగారు. రోజూ నడవమన్నారు. రాత్రిపూట అన్నం మానేసి గోధుమ బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్డు తినమన్నారు.

సాయంత్రాలు పార్కుకి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ అందరూ జంటలు, గుంపులు. కోడళ్ళ గురించి మాట్లాడుకుంటూ నడిచే పెద్దావిడల వెనకాలే నడిచేదాన్ని. కథ మంచి పట్టులో ఉండగా వాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోతే, ఆ కోడలు ఏమందో తెలియక నాకు నిద్ర పట్టేది కాదు...

పార్కు గేటు బయట పునుగుల బండి. ఒకరోజు మానేసి మర్నాడు వెళ్తే ఆ బండి ఆయన, "ఏమ్మా, నిన్న కనపళ్ళేదు, ఒంట్లో బాలేదా?" అన్నాడు. ఈ ఊళ్ళో నన్ను ఆ మాట అడిగిన మనిషి ఆయనొక్కడే. అలా అడిగాక తినకుండా ఎలా వచ్చేస్తాం చెప్పండి...

కొన్నాళ్ళకి గట్టిగా నిర్ణయించుకుని, పునుగుల బండి తగలని ఇంకో దారిలో నడుస్తూ, రాత్రిళ్ళు బ్రెడ్డు మొదలుపెట్టాను. ఆ రాత్రే అమ్మ ఫోన్.

"ఏం తిన్నావే?"

"బ్రెడ్డు తిన్నానమ్మా."

"బ్రెడ్డా?" అంది. "సరే, పడుకో" అని పెట్టేసింది.

తెల్లారేసరికి మళ్ళీ ఫోన్. "బస్టాండులో ఉన్నా. ఇదిగో, ఆటో ఆయనకి దారి చెప్పు."

గుమ్మంలో అమ్మ... ఒక చేతిలో చారు క్యారేజీ, ఇంకో చేతిలో సంచి. సంచిలో బత్తాయిలు, బ్రెడ్డు. చెప్పులు విప్పకముందే నా నుదురు ముట్టుకుంది. తర్వాత మెడ కింద.

"ఒళ్ళు చల్లగానే ఉందేంటే?"

"జ్వరమేం లేదమ్మా."

"మరి బ్రెడ్డెందుకు తిన్నావు?"

"సన్నబడదామని..."

"ఎక్కడుందే నీకు ఒళ్ళు? జొరం లేకుండా బ్రెడ్డు తినేవాళ్ళని నిన్నే చూస్తున్నా."

షుగర్ మాట మాత్రం చెప్పలేదు. మా ఊళ్ళో షుగరంటే కాలు తీసేసే జబ్బు. అంతకుమించి వాళ్ళకి తెలియదు.

ఆఫీసుకి సెలవు పెట్టాను. అమ్మ బియ్యం కడిగి అన్నం వండింది. కింద కూర్చోబెట్టి, కలిపి, చేతిలో ముద్ద పెట్టింది. నేను వద్దనలేదు. తింటుంటే తెలిసింది... ఆ గదిలో నేను ఇంకొకరితో కలిసి అన్నం తిని చాలా రోజులైందని.

సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. మర్నాడు నాట్లకి మనిషి తక్కువైతే మేస్త్రి ఊరుకోడట. బస్సు ఎక్కుతూ, "ఒంట్లో బాగుంటే అన్నమే తిను" అంది. ఒక రోజు కూలి, ఆ రెండు బస్సులు, ఆ ఎండ... అన్నీ నా రెండు బ్రెడ్డు ముక్కల వల్లే.

అప్పట్నుంచి రోజూ రాత్రి బ్రెడ్డే తింటున్నాను. ఫోన్‌లో మాత్రం "అన్నం, పప్పు తిన్నానమ్మా" అంటున్నాను. "ఆ, మంచిది" అంటుంది. హాయిగా పడుకుంటుంది.

నిన్న పరీక్ష చేయించుకున్నాను. షుగర్ దిగింది. మాత్రలు అక్కర్లేదన్నారు. ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి, ఎవరికి చెప్పాలా అని ఫోన్‌లో పేర్లు చూసుకుంటూ పోయాను... అమ్మకి దిగిందని చెప్పాలంటే, ముందు పెరిగిందని చెప్పాలి. తమ్ముడికి చెబితే అమ్మకి చెప్పినట్టే. ఆఫీసులో వాళ్ళకి అసలు పరీక్ష సంగతే తెలియదు. ఫోన్ సంచిలో వేసుకుని గదికి వచ్చేశాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఒంట్లో బాగోకపోతే వీధంతా తెలిసేది... ఇప్పుడు బాగైనా తెలుసుకునే వాళ్ళు లేరు.

ఈ మధ్య మీలో ఎవరైనా ఒంట్లో కాస్త నయమై, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఉండిపోయారా... కింద రాయండి. నేను చదువుతాను.