ఎలుగుబంటి గొంతు

మా పెద్దమామయ్య వయసంతా నాటకాల్లోనే గడిచింది. చివరి వరసలో కునుకు తీసేవాణ్ణి కూడా లేపి కూచోబెట్టే గొంతు ఆయనది. ఇంటింటికీ టీవీ వచ్చాక హాలు ఖాళీ అయింది, ట్రూపు మూతపడింది. అప్పట్నుంచీ టీవీ పేరెత్తితే ఒంటికాలి మీద లేచేవాడు. “అది భాషకు పట్టిన చెద,” అనేవాడు. అత్తయ్య సౌండు తగ్గించుకుని సీరియల్ చూసుకునేది.

ఒకరోజు డబ్బింగ్ స్టూడియో నుంచి కబురొచ్చింది. పిల్లల కార్టూన్‌లో ఎలుగుబంటికి గొంతు కావాలట.

“రాజు వేషాలు కట్టినవాణ్ణి, ఎలుగుబంటినా?” అన్నాడు మామయ్య.

“రోజూ పొద్దున్నే నా మీద గుర్రుమంటూనే ఉన్నారుగా. అదేదో అక్కడికెళ్లి అనండి,” అంది అత్తయ్య.

ఆముదం తాగిన మొహంతో వెళ్లాడు. గోడలకు స్పాంజి అతికించిన ఇరుకు గది. తెర మీద ఎలుగుబంటి తేనెపట్టు కోసం చెట్టెక్కి దబ్బున పడింది. కాగితంలో ఉన్న డైలాగు, “ఓ నో, నేను ఫినిష్!”

“ఈ ముక్క నా నోటికి రాదమ్మా,” అన్నాడు డబ్బింగ్ చేయించే అమ్మాయితో.

“బొమ్మ పెదాల కదలికతో కలిస్తే చాలు బాబాయిగారూ. మీకు తోచింది చెప్పండి.”

“తేనెకని పోతే వీపు విమానం మోత మోగిందిరా నాయనా,” అన్నాడు. పైగా ఓ భారీ తుమ్ము తుమ్మాడు, సరదాకి. అద్దం అవతల ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది.

కార్టూన్ మొదలైన నెలకల్లా వీధిలో పిల్లలంతా తుమ్మడం మొదలెట్టారు. మాటలు ఒక్కటీ అంటలేదు, తుమ్ములే.

“చూశావా, ఆ పెట్టెలోంచి వచ్చేది ఇదే,” అని దిగాలుపడ్డాడు మామయ్య.

“ఆ తుమ్ము మీదేగా,” అంది అత్తయ్య.

తర్వాతెప్పుడో కూరగాయల కొట్టు దగ్గర ఓ చిన్నపిల్ల వాళ్లమ్మ సంచీ బోర్లించేసింది. తల్లి చెయ్యెత్తేలోపే, “అమ్మా, ఇప్పుడు నా వీపు విమానం మోతేనా?” అంది. తల్లికి నవ్వాగలేదు. దొర్లిన టమాటాలు ఏరుతున్న మామయ్య, “ఎవరు నేర్పారే నీకు?” అనడిగాడు.

“ఎలుగుబంటి.”

మామయ్య అక్కడే ఎలుగుబంటి తుమ్ము తుమ్మాడు. పిల్ల నోరెళ్లబెట్టింది.

ఆ హుషారుతో పాత ట్రూపును పోగేసి నాటకం వేశాడు. ఎలుగుబంటి తాతను చూడాలని పిల్లలు పెద్దవాళ్లను లాక్కొచ్చారు, హాలు నిండింది. విరామంలో సగంమంది జారుకున్నారు. మిగతావాళ్లు చివరిదాకా కదల్లేదు.

“సగం పోయారు కదండీ,” అంది అత్తయ్య.

“పాతరోజుల్లోనూ సగంమంది కబుర్లకొచ్చినవాళ్లేలే,” అన్నాడు, మొహానికున్న రంగు తుడుచుకుంటూ.

టీవీని ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు. స్టూడియోకి మాత్రం అందరికంటే ముందెళ్లి కూచుంటాడు.